వదినగారి భుజం

పొద్దున్నే తలంటి పోసి, సాంబ్రాణి పొగ పట్టి, ఉతికిన నేతచీర కట్టి, ముందుగదిలో కిటికీ పక్కన చేతుల కుర్చీలో కూర్చోబెట్టింది ఆదిలక్ష్మి. కూర్చోబెట్టింది అనడమే సరైన మాట. కనకరత్నం కూర్చోలేదు. మోకాళ్ళు వంచుదామనుకునేలోపే చంకల కింద రెండు చేతులు వచ్చేశాయి, కుర్చీ వెనకనుంచి వచ్చి తగిలింది, నడుముకి ఒక దిండు, కాళ్ళకింద ఇంకో దిండు, ఒళ్ళో తుండుగుడ్డ, పక్కన బల్లమీద మూతపెట్టిన మంచినీళ్ళ గ్లాసు. ఆ గ్లాసు కూడా అందుకోవడానికి కాదు, "అమ్మాయ్" అని పిలిస్తే ఆదిలక్ష్మే వచ్చి నోటికి అందిస్తుంది. గుళ్ళో అమ్మవారికి చేసినట్టు చేస్తోంది ఈ పిల్ల, అనుకుంది కనకరత్నం. ఆ తల్లికీ ఒక్కోసారి అనిపిస్తుందేమో, దండలన్నీ తీసి పక్కన పెట్టి, ఒకసారి వీధి చివరిదాకా వెళ్ళొద్దామని. అనిపించినా ఎవరికి చెబుతుంది, అంత భక్తిగా చేస్తున్న వాళ్ళకి.

ఆసుపత్రి నుంచి అమ్మాయి వస్తుంది. తుంటి విరిగి, లోపల కమ్మీ వేయించుకున్న ముసలివాళ్ళు ఇంటికి వెళ్ళాక తమ పనులు తాము చేసుకోగలుగుతున్నారో లేదో చూసి చెప్పే అమ్మాయి. నిన్న సాయంత్రం సూర్యారావు ఆ మాట చెప్పాడు, గోడమీద దేవుడి పటాన్ని సరిచేస్తూ, ముఖం చూడకుండా. సూర్యారావు కనకరత్నం మరిది కొడుకు, ఆదిలక్ష్మి మొగుడు. అమలాపురంలో ఎరువుల కొట్టు, ఇక్కడే అద్దెకుంటున్నాడు. "ఆ అమ్మాయి చూసి, ఒంటరిగా చేసుకోగలరంటే నేనే దగ్గరుండి మిమ్మల్ని లంకలో దింపొస్తానండీ పెద్దమ్మా. లేదంటే ఇంక మీరు మా దగ్గరే. అత్తని నగరం వాళ్ళు తీసుకెళ్తామన్నారు. రేపే తేల్చి చెప్పమంటున్నారు." అత్త అంటే పెద్దింట్లమ్మ, కనకరత్నం భర్తకి అక్క. నీటికాసులు వచ్చి కళ్ళు పోయిన మనిషి. ఈ రెండు విధవ ప్రాణాలూ గోదారి నడిమి లంకలో ఒకే కప్పు కింద ఇన్నేళ్ళూ బతికాయి. నగరం అనే ఊళ్ళో పెద్దింట్లమ్మ చెల్లెలి కొడుకు నరసింహమూర్తి ఉన్నాడు. మంచివాడే. అందరూ మంచివాళ్ళే, అదే వచ్చిన చిక్కు. ఎవరినీ తిట్టుకోవడానికి లేదు. ఇద్దరినీ ఇక్కడే పెట్టుకోరా నాయనా అని కనకరత్నం ఒకసారి అడిగింది కూడా. సూర్యారావు గది నాలుగు మూలలా చూశాడు. పిల్లల పుస్తకాలు, బీరువా, కనకరత్నం మంచం, ఆ మంచం కింద ఎరువుల బస్తాలు. ఆ చూపు చూశాక మళ్ళీ అడగబుద్ధి కాలేదు. లంకలో మనిషిని పెట్టుకుందామన్నా, వరదొస్తే పడవ కూడా కదలని చోటికి ఎవరొస్తారు. నగరం ఎంత దూరం, బస్సెక్కితే చేరిపోమూ, అంటాడు. ఎవరెక్కుతారు బస్సు. గుడ్డిది ఎక్కుతుందా, కుంటిది ఎక్కుతుందా.

వీధిలో కొబ్బరికాయల లారీ ఒకటి మూలుగుతూ మలుపు తిరిగింది. కిటికీ ఊచలు సన్నగా వణికాయి. ఆ వణుకు అరచేతికి తెలుసు. గట్టుకి గెడ ఆనించి తోసినప్పుడు పడవ అంచు ఇలాగే వణుకుతుంది. ఒక్క తోపు, అంతే. గట్టుకీ పడవకీ మధ్య ముందు జానెడు నీళ్ళు, తర్వాత బారెడు, ఆ తర్వాత ఎవరు పిలిచినా ఏదో అన్నారని తెలుస్తుంది గాని ఏమన్నారో తెలియదు. ఆవిడ జన్మలో ఎడబాట్లన్నీ ఆ నీళ్ళమీదే జరిగాయి. పెళ్ళయి రాజోలు వైపు నుంచి వచ్చిన నాడు అమ్మ రేవులో నిలబడింది, కొంగు నోట్లో కుక్కుకుని. పడవ తిరిగేసరికి అమ్మ ముఖం కొబ్బరిచెట్ల నీడలో కలిసిపోయింది, ఏది అమ్మో ఏది మొద్దో తెలియలేదు. ఆయన్ని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళిన నాడు పడవలో పడుకోబెట్టారు. చెయ్యి ఎత్తబోయి, నొప్పికి సగంలో దించేశాడు. ఆ సగం ఎత్తిన చెయ్యి ఇప్పటికీ దిగలేదు ఆవిడ కళ్ళలో. రేవంటే అందరికీ స్నానాలూ బట్టల ఉతుకులూ. కనకరత్నానికి మాత్రం అక్కడ మెట్టుమెట్టుకీ ఎవరో ఒకరు నిలబడి ఉంటారు, అటు తిరిగి.

మొన్న శ్రావణంలో, నూతిగట్టు మీద పాచికి కాలు జారింది. పడ్డప్పుడు చప్పుడొక్కటే వినబడింది, పచ్చి కర్ర విరిగినట్టు. చేద ఎక్కడికో దొర్లిపోయింది. పెద్దింట్లమ్మ వసారాలోంచి, "రత్నం, పడింది చేదా, నువ్వా?" అంది. "నేనే వదినా." "హమ్మయ్య, చేదయితే సొట్టపోను," అంటూనే గట్టు తడుముకుంటూ వచ్చింది. ఆవిడకి ఎప్పుడూ అంతే, ఏ కష్టానికైనా ముందు ఒక వేళాకోళం, తర్వాతే కన్నీళ్ళు. చేతులతో తలనుంచి పాదాలదాకా తడిమి, పక్కకి తిరిగిపోయిన పాదం దగ్గర ఆగింది. ఆ చేతులు అక్కడ ఆగడం చూసే కనకరత్నానికి భయం వేసింది, నొప్పికి కాదు. తర్వాత వీరబాబు వచ్చాడు, పడవవాడు. నలుగురు మనుషులు కలిసి నులకమంచం మీద మోసుకెళ్ళారు. రేవుదాకా మంచం కోడు పట్టుకునే నడిచింది పెద్దింట్లమ్మ. నీళ్ళలోకి కూడా దిగింది. మోకాళ్ళు మునిగాయి. "ఇంక వదిలెయ్యండి పెద్దమ్మగారూ, లోతొచ్చేసింది," అన్నాడు వీరబాబు. ఆవిడ వదిలింది. గోదారి ఎర్రగా, జోరుగా ఉంది. పడవ అలా తేలిందో లేదో ప్రవాహానికి పక్కకి కొట్టుకుపోయి తిరిగింది. పెద్దింట్లమ్మ మాత్రం పడవ ఇందాక ఉన్న చోటికేసే చూస్తూ చెయ్యి ఊపుతోంది. అక్కడ ఎవరూ లేరు. ఖాళీ నీళ్ళు. "వదినా, ఇటు," అని పిలిచింది కనకరత్నం. గొంతు పడవ అంచు కూడా దాటలేదు. ఆవిడ అలా ఖాళీ నీళ్ళకి చెయ్యి ఊపుతూనే ఉంది, కనిపించినంత మేరా.

ఇప్పుడు ఆవిడ ఏం చేస్తూ ఉంటుందో. కార్తీకం కదా, ఎండ వసారాలోకి దిగే వేళ. వీరబాబు పెళ్ళాం అన్నం పెట్టి వెళ్తోందట, తిన్న కంచం తానే కడుక్కుంటోందట. మధ్యాహ్నం ఎవరు చదివి వినిపిస్తున్నారు. కనకరత్నం బడికి వెళ్ళలేదు. కొట్టునుంచి చింతపండో బెల్లమో కట్టి ఇచ్చిన పొట్లాల కాగితాలు విప్పి, నూనె మరకల మధ్య ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని, ఏరు దాటించే పంటు మీద రాసిన పేర్లతో పోల్చుకుని, బస్సు బోర్డులతో పోల్చుకుని, ఎవరూ నేర్పకుండా నేర్చుకుంది. పొట్లం చివర కథ సగంలో చిరిగిపోయేది. ఆ పిల్ల ఇల్లు దాటిందా లేదా, ఆ మనిషి తిరిగొచ్చాడా లేదా తెలిసేది కాదు. "ఇంతే ఉంది వదినా," అంటే, పెద్దింట్లమ్మ పసుపు కొమ్ములు ఏరుతూనే, "ఎందుకుంటుంది, బెల్లానికి సరిపడా కథే ఇస్తాడు కోమటాయన. మిగతాది నేను చెబుతాను విను," అనేది. ఆవిడ చెప్పిన కథల్లో వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చేవాళ్ళు, కాస్త ఆలస్యంగానైనా. తిరిగొచ్చి ముందు అన్నం అడిగేవాళ్ళు. కళ్ళున్న కనకరత్నం చదివేది, కళ్ళులేని పెద్దింట్లమ్మ తర్వాతేమవుతుందో చూసేది.

వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. గోడకి చేరగిలబెట్టి ఉంది వాకరు. మెరుస్తోంది. కొత్తదై మెరవడం కాదు, వాడకపోవడం వల్ల. పంపేటప్పుడు ఆసుపత్రిలో చెప్పారు, రోజూ పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం నడవాలమ్మా, నడవకపోతే కాళ్ళు మరిచిపోతాయి, అని. ఇంటికొచ్చాక నడిచింది కూడా కొన్నాళ్ళు. పిల్లలు బడికీ, సూర్యారావు కొట్టుకీ, ఆదిలక్ష్మి బజారుకీ వెళ్ళాక, తలుపు వేసిన ఇంట్లో, దొంగలా. మంచం నుంచి గోడదాకా, గోడనుంచి గుమ్మందాకా. ఒక పూట గుమ్మం దాటి వసారాలోకి వెళ్ళి, తీగమీద ఆరేసిన తన చీర తానే లాగి మడత పెట్టింది. ఎంత సంబరం వేసిందో, చీర మడత పెట్టుకున్నందుకు. ఎదురింటి మామ్మగారు చూసి ఊరుకోక, "ఏమే ఆదిలక్ష్మీ, మీ అత్తగారి చేత బట్టలు మడత పెట్టిస్తున్నావేమే, తుంటి విరిగిన మనిషి చేత," అని నవ్వుతూనే అందట. నవ్వుతూ అన్న మాటే లోతుగా దిగుతుంది. ఆదిలక్ష్మి ఆ వేళ అన్నం తినలేదు. వంటింటి గుమ్మంలో కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, "నేనేం తక్కువ చేసేనో చెప్పండి అత్తయ్యగారూ. పిలిస్తే రానా? ఎప్పుడైనా విసుక్కున్నానా?" అంది. విసుక్కోలేదు, నిజం. పక్క తడిపిన రోజున కూడా విసుక్కోలేదు. తల్లి చిన్నప్పుడే పోయిన పిల్ల, ఎవరికీ చెయ్యలేకపోయిన సేవంతా మూటకట్టి ఇక్కడ విప్పింది. ఆ కళ్ళు చూసి, "లేదమ్మా, ఇంక లేవనులే," అంది కనకరత్నం. లేవలేదు. వాకరు మళ్ళీ గోడకి చేరింది. చూడవచ్చిన చుట్టాలందరూ అదే మాట. "లేవకండి లేవకండి, కూర్చోండి, మా కోసం లేస్తారా ఎక్కడైనా." మర్యాదలో మర్యాదగా కాళ్ళు సన్నబడ్డాయి. నిన్న స్నానం చేయిస్తుంటే చూసుకుంది, పిక్కలు తన పిక్కల్లా లేవు. ఎవరో పిల్లవి తెచ్చి అతికించినట్టున్నాయి. ఇవాళ ఆ కాళ్ళతోనే లంకకి వెళ్ళగలనని చూపించాలి.

గేటు చప్పుడైంది. వచ్చింది సత్యప్రియ అనే చిన్నపిల్ల, తెల్లకోటు మడిచి చేతి సంచీలో పెట్టుకుని, చెప్పులు బయట విడిచి. కొత్తపేట పిల్లనని చెప్పింది. మాట నెమ్మది. "బాగున్నారా మామ్మగారూ," అంటూ ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. చేతిలో అట్టకి గుచ్చిన కాగితం. కనకరత్నం చూపు తనకి తెలియకుండానే ఆ కాగితం మీదికి వెళ్ళింది, తలకిందులుగా ఉన్నా సరే చదవబోయింది. ఇంగ్లీషు. అది పొట్లాల్లో కూడా రాలేదు ఎప్పుడూ.

"అన్నం మీరే కలుపుకుని తింటారాండీ?" అంది సత్యప్రియ.

"నేనే కలిపి పెడతానండి," అంది ఆదిలక్ష్మి గుమ్మంలోంచి. "ముద్దలు చేసి చేతికిస్తాను. కాళ్ళు బాగోనివాళ్ళని చేతులు నొప్పెట్టుకోమంటామా ఎక్కడైనా."

"స్నానం?"

"నేనేనండి. వేడినీళ్ళలో చన్నీళ్ళు తొరిపి, పీటమీద కూర్చోబెట్టి, వీపు రుద్ది. చీర కట్టడం కూడా నేనే. దువ్వెన కూడా ముట్టుకోనివ్వనండి."

పెన్ను కదిలింది. ఒక్కో జవాబుకీ సన్నగా, అటో గీత, ఇటో గీత. ఆ గీతలు ఏమిటో కనకరత్నానికి చదవకుండానే తెలుస్తోంది. ఆదిలక్ష్మి ముఖం వెలిగిపోతోంది, పరీక్షలో అన్ని జవాబులూ వచ్చిన పిల్లలా. ఒక్కొక్క మాటా పూలు పెట్టినట్టు పెడుతోంది, ఒక్కొక్క మాటా కనకరత్నాన్ని లంకనుంచి ఒక్కో బార వెనక్కి లాగుతోంది. చెప్పాలి. కాదమ్మా, దువ్వుకోగలను, తినగలను, చెయ్యనివ్వడం లేదు అని చెప్పాలి. ఎలా చెబుతారు, పరాయి మనిషి ఎదురుగా, చేసిన పిల్లని పక్కన నిలబెట్టి. చెబితే, ఈ పిల్ల చేసిందంతా ఏమవుతుంది. చెప్పకపోతే అక్కడ ఆవిడ ఏమవుతుంది. నాలుక మీద మాట అటూ ఇటూ దొర్లింది. ఆసుపత్రి మాత్ర కన్నా చేదుగా ఉంది.

"బాత్రూముకండీ?"

"రాత్రీ పగలూ నేనే పట్టుకుని..."

"వెళ్ళగలనమ్మా," అంది కనకరత్నం.

తన గొంతేనా అనిపించింది. ఆదిలక్ష్మి నోరు సగం తెరుచుకునే ఉండిపోయింది. ఆ ముఖంకేసి చూడకుండా, కిటికీకేసి చూస్తూ, "అన్నం తినగలను. తల దువ్వుకోగలను. ఈ అమ్మాయి ప్రేమకొద్దీ చేస్తోంది, నేను చేయించుకుంటున్నాను. అంతే," అంది. అనేశాక, ఎవరి మీదో రాయి విసిరి దాక్కున్నట్టుంది. సత్యప్రియ ఇద్దరినీ చూసింది. తర్వాత, "మేడమ్, కాస్త కాఫీ ఇప్పిస్తారాండీ, ఎండలో పడి వచ్చేను," అంది. అడిగిన విధం చూస్తే కాఫీ కోసం కాదని తెలుస్తూనే ఉంది. ఆదిలక్ష్మికీ తెలిసింది. "ఆయ్," అంది, తల దించుకుని లోపలికి వెళ్ళింది.

"ఇప్పుడు కుర్చీలోంచి లేచి, ఆ గుమ్మందాకా వెళ్ళి, తిరిగొచ్చి కూర్చోండి మామ్మగారూ. తొందరేం లేదు. నేను ముట్టుకోను, పక్కనే ఉంటాను."

ముట్టుకోను. ఎంత చల్లగా ఉందో ఆ మాట. కనకరత్నం కుర్చీ చేతులమీద బరువు మోపింది. లేస్తుంటే తుంటిలో కమ్మీ చల్లగా కదిలినట్టయింది, కళ్ళ ముందు ఒక్క క్షణం కిటికీ, వీధి, ఎండ అన్నీ తెల్లబడ్డాయి, మళ్ళీ వాటి రంగులు వాటికి వచ్చాయి. నిలబడింది. వాకరు పట్టుకుంది. ముందుకి జరపడం, ఒక కాలు, రెండో కాలు. ఎవరో పిల్లవైన ఆ పిక్కలు వణుకుతున్నాయి, వణకనీ, రేవులో చలికి వణకలేదూ. గుమ్మం వచ్చింది. వసారాలో తీగమీద చీరలు కనిపించాయి. తిరగడం కష్టం, తిరిగింది. కుర్చీ. కూర్చుంది, తానే, ఎవరి చేతులూ లేకుండా, కుర్చీ ఎక్కడుందో తొడ వెనక తడుముకుని మరీ. సత్యప్రియ నవ్వింది. "బాగా చేసేరండీ. నేననుకోలేదు." వాకిట్లో ఉన్న మెట్లు కూడా ఎక్కి దిగింది, గోడ పట్టుకుని. చెమట్లు పట్టాయి, ఆయాసం వచ్చింది, అయినా లోపల ఎక్కడో వీరబాబు పడవ కట్టు విప్పుతున్నాడు. అంతదాకా వెళ్ళిపోయింది మనసు. ఇంటి తలుపు తెరిస్తే ముందు తేమవాసన వస్తుంది. పొయ్యి అలకాలి. పెద్దింట్లమ్మ అంటుంది, వచ్చేవా, కొత్త కాలుతో ఏ కాలు ముందు పెట్టేవే గుమ్మంలో, అని.

"లంకకి వెళ్తారంటగా," అంది సత్యప్రియ. "పడవెలా ఎక్కుతారండీ?"

"వాళ్ళు పట్టుకుంటారమ్మా, ఎక్కడానికి."

"పడవలో ఎక్కడ కూర్చుంటారు?"

"అడ్డపలక మీద."

"అది ఎంత ఎత్తుంటుంది?"

కనకరత్నం నేలమీదికి చెయ్యి చాపి చూపించింది. సత్యప్రియ ఇందాక తను కూర్చున్న ముక్కాలిపీటని చూసింది. అది అంతే ఎత్తు. "ఇంట్లో పొయ్యి కూడా నేలమీదేనాండీ?" "ఆయ్." "గేదె ఉందా?" "ఉండేదమ్మా, అమ్మేశాం." అయినా ఆ పిల్ల ముఖంలో ఏదో మారింది. "ఇక్కడయితే అన్నీ ఎత్తుగా ఉన్నాయండి, సరిపోతుంది. అక్కడ అలా కుదరదు కదా. ఒక్కసారి ఈ పీటమీద కూర్చుని, మీ అంతట మీరు లేచి చూపించండి. లేస్తే నేను రాసేస్తాను. అక్కడికి పంపొచ్చని."

కూర్చోవడం వచ్చింది. నెమ్మదిగా, వాకరు పట్టుకుని, దిగింది. దిగినంతసేపూ భయం లేదు. లేవాలి. మోకాళ్ళు దగ్గరికి తీసుకుంది, నడుము ముందుకి వంచింది, కుడిచెయ్యి మోకాలిమీద ఆనించింది. ఎడమ చెయ్యి దానంతటది పక్కకి వెళ్ళింది. గాలిలోకి, భుజమెత్తు దూరంలోకి వెళ్ళి, అక్కడ ఏమీ లేక, ఆగింది. వేళ్ళు దేన్నో పట్టుకోబోయినట్టు వంగి ఉన్నాయి. కనకరత్నం తన చేతికేసే తను చూసింది. ఎక్కడికి వెళ్ళిందిది. ఎవరు పంపారు. అప్పుడు తెలిసింది. పసుపు ఏరి లేచినా, పొయ్యి ముందునుంచి లేచినా, కలుపు తీసి లేచినా, పడవ పలక మీదనుంచి లేచినా, ఆ చెయ్యి వెళ్ళేది అక్కడికే. పక్కన కూర్చున్న పెద్దింట్లమ్మ భుజం మీదికి. గట్టి భుజం, నీళ్ళు తోడితోడి రాయిలా అయిన భుజం. ఆవిడ లేచేటప్పుడు కనకరత్నం తల మీద అరచెయ్యి ఆనించి లేచేది. నీ తల ఎటుందో తెలిస్తే నాకు ఆకాశం ఎటుందో తెలుస్తుందే, అనేది. అడిగింది లేదు, ఇచ్చింది లేదు. తుంటి విరగకముందు కూడా, కాళ్ళు గట్టిగా ఉన్న రోజుల్లో కూడా, నేలమీదనుంచి తాను ఒక్కతీ లేచిన గుర్తు ఒక్కటీ రాలేదు. వెతికింది. పెళ్ళయిన నాటినుంచి వెతికింది. రాలేదు.

పడిపోతోందనుకుని సత్యప్రియ ఆ చెయ్యి పట్టుకుంది. పట్టు దొరకగానే శరీరం తేలిగ్గా లేచిపోయింది, ఇన్నాళ్ళూ అదే అలవాటు కదా దానికి.

"వదిలెయ్యమ్మా. ఇంకోసారి చూస్తాను."

ఈసారి ఎడమ చేతిని ఒళ్ళో అదిమి పెట్టుకుంది, అల్లరి పిల్లని పట్టుకున్నట్టు. లేచింది, సగం. నడుము పక్కకి తిరిగింది, మళ్ళీ పీటమీద పడింది. తుంటిలో మంట చీలమండదాకా పాకింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికే అనుకుంటుంది ఆ పిల్ల, అనుకోనీ.

"చాలండి మామ్మగారూ. మళ్ళీ విరిగితే కష్టం."

"అమ్మా, నేను ఒక్కదాన్నీ అక్కడ ఉండను కదా. మా వదినగారుంటారు. ఆవిడ పక్కనుంటే లేస్తాను. ఇప్పుడు లేచేను కదా నువ్వు పట్టుకుంటే, అలాగ. ఆవిడకి కళ్ళు లేవు, నాకున్నాయి. నాకు కాళ్ళు లేవు, ఆవిడకున్నాయి. ఇద్దరినీ కలిపి చూసి రాయమ్మా. అలా రాయకూడదా?"

సత్యప్రియ కాగితం వైపు చూసింది. ఎక్కడైనా అంత చోటు దొరుకుతుందేమోనని నిజంగానే వెతికినట్టు చూసింది. "ఒక్కొక్కరికే ఉంటుందండీ," అంది చివరికి. "పైగా ఆవిడకీ పెద్ద వయసే కదండీ. మిమ్మల్ని లేపబోయి ఆవిడా పడితే, ఆ లంకలో ఎవరొస్తారండీ?" నూతిగట్టు మీద పాచిలో, పాదం దగ్గర ఆగిపోయిన ఆ రెండు చేతులు గుర్తొచ్చాయి. ఆవిడ చాలాసేపు పిలిచింది ఆ వేళ, ఎవరూ వినక, దిక్కు తెలియక, నాలుగు వైపులా తిరిగి తిరిగి పిలిచింది. పిల్ల అబద్ధం చెప్పడం లేదు. అదే ఇంకా కష్టం.

ఆదిలక్ష్మి కాఫీ తెచ్చింది. పీటమీద కనకరత్నాన్ని చూసి, గ్లాసు బల్లమీద పెట్టి, వచ్చి లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా దిండు పెట్టడం మానలేదు, కాళ్ళ కింద రెండో దిండు కూడా. కనకరత్నం ఆ చెయ్యి పట్టుకోబోయింది, అది అప్పటికే తుండుగుడ్డ సర్దుతోంది. సూర్యారావు కొట్టునుంచి భోజనానికి వచ్చాడు. వసారాలో ఆ అమ్మాయితో మాట్లాడాడు. గొంతులు చిన్నవి. "కుర్చీ, బాత్రూము పర్లేదండి... నేలమీదనుంచి మాత్రం... లేదండి, ఒంటరిగా కాదు." గేటు చప్పుడైంది. సూర్యారావు లోపలికి వచ్చి నిలబడ్డాడు. ఈసారి దేవుడి పటం సరిగ్గానే ఉంది, సరిచెయ్యడానికి ఏమీ దొరకలేదు.

"నగరం వాళ్ళతో ఫోన్లో చెప్పేస్తానండీ పెద్దమ్మా. రేపు పొద్దున్నే పడవ మాట్లాడుకుంటారు."

"ఊఁ."

"మిమ్మల్ని రేవుదాకా కారులో తీసుకెళ్ళేవాణ్ణే గాని, రోడ్డు బాగోలేదండి. కుదుపులకి..."

"వద్దులే నాయనా."

రేపు రేవులో ఎవరు నిలబడతారు. ఎవరూ నిలబడరు. ఆవిడ వెళ్తుంటే ఆవిడకేసి చెయ్యి ఊపేవాళ్ళు కూడా ఉండరు, ఊపినా ఆవిడకి కనబడదు, కనబడకపోయినా తెలిసేది, ఇటు నేనుంటే తెలిసేది. పసుపు వాసన, కంద దుంపల మట్టి వాసన, వసారా స్తంభం, స్తంభం నుంచి నూతికి, నూతినుంచి దొడ్డికి, ఆవిడ అరికాళ్ళకి తెలిసిన భూమి అంతా గట్టుమీద ఉండిపోతుంది. నగరంలో వాళ్ళింట్లో కొత్త గచ్చు. నున్నటి గచ్చు. అన్నీ ఒకేలా ఉండే గచ్చుమీద అరికాలికి ఏం తెలుస్తుంది. ఆవిడ గోడ తడుముకుంటూ నిలబడిపోతుంది, పిలవదు, ఎవరైనా చూస్తున్నారని అనుమానం వస్తే నవ్వుతుంది, ఏదో వేళాకోళం ఆడుతుంది. అందరూ నవ్వి వెళ్ళిపోతారు.

"అత్తకి ఏమైనా చెప్పమంటారాండీ?" అన్నాడు సూర్యారావు.

ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ ఫోనులో నరసింహమూర్తి నోటిమీదుగా వెళ్ళే మాట కాదు. "ఆవిడకి కాదు, వాళ్ళకి చెప్పు," అంది కనకరత్నం. "ఇంట్లోకి తీసుకెళ్ళగానే, గుమ్మం దగ్గరనుంచి ఆవిడ మంచందాకా, మంచం నుంచి దొడ్డిదాకా, ఎవరైనా ఒకసారి చెయ్యి పట్టుకుని నడిపించమను. తొందర పెట్టకుండా. ఒక్కసారి నడిస్తే చాలు, ఆవిడ మరిచిపోదు. అడిగేదాకా ఆగొద్దను. ఆవిడ అడగదు."

సూర్యారావు తల ఊపి ఫోను దగ్గరికి వెళ్ళాడు. నంబరు తిప్పుతున్న చప్పుడు వినిపించింది, మధ్యలో ఒకసారి తప్పు పడి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆదిలక్ష్మి వచ్చి, "అన్నానికి లేద్దామా అత్తయ్యగారూ," అంది. ఇంకా ముఖం చూడలేదు. చంకల కింద చేతులు వేసింది. ఇన్నాళ్ళూ ఆ చేతులమీద సగం బరువే వేసేది కనకరత్నం, మిగతా సగం ఎవరికీ తెలియకుండా తన కాళ్ళమీదే ఉంచుకునేది. ఇవాళ మొత్తం ఇచ్చేసింది. ఆదిలక్ష్మి ఒక్క అడుగు వెనక్కి తూలింది, గోడకి ఆనుకుంది, గట్టిగా పట్టుకుంది.